సిరామిక్ రేణువులున్న అల్యూమినియం కాంపోజిట్‌ను ఎంత వేడిలో, ఎంత వేగంతో నొక్కాలి? శాంపిల్ కోత నుంచి ప్రాసెసింగ్ మ్యాప్ దాకా

అల్యూమినియంలో సిలికాన్ కార్బైడ్ రేణువులు కలిపి పోసిన బిల్లెట్ మీ దగ్గరుంది. దాన్ని ఎక్స్‌ట్రూడ్ చేయాలి, లేదా ఫోర్జ్ చేయాలి. ఏ ఉష్ణోగ్రతలో, ఎంత వేగంతో అన్నది తేల్చడానికే హాట్ కంప్రెషన్ టెస్టులు, అంటే చిన్న శాంపిళ్లను వేడిచేసి నొక్కి చూసే టెస్టులు, చేస్తాం. ఏ వేడిలో, ఏ వేగంలో నొక్కితే క్షేమమో చూపే పటమే చివర్లో గీసే ప్రాసెసింగ్ మ్యాప్. ఎం.టెక్ ప్రాజెక్టుగానో, పీహెచ్‌డీ మొదటి ఏడాదిలోనో ఈ పని చేతికొచ్చినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

మామూలు అల్యూమినియం మిశ్రమలోహంలో స్ట్రెస్ కర్వ్ ఒక శిఖరానికి చేరి కిందికి దిగితే, లోహం లోపల మెత్తబడుతోందని చాలావరకు నమ్మవచ్చు. కాంపోజిట్‌లో అలా నమ్మడానికి వీల్లేదు. రేణువు పగిలినా, రేణువుకీ లోహానికీ మధ్య అతుకు ఊడినా కర్వ్ అచ్చం అలాగే దిగుతుంది. మెషిన్‌కు ఈ రెండింటి తేడా తెలియదు. తేల్చాల్సింది మీరే. కింద చెప్పే ప్రతి జాగ్రత్తా ఆ తేడా పట్టుకోవడానికి పనికొచ్చేదే.

ఉదాహరణగా 6061 మిశ్రమలోహంలో ఘనపరిమాణం ప్రకారం 15 శాతం సిలికాన్ కార్బైడ్ కలిపిన పదార్థాన్ని తీసుకుందాం. మీది అల్యూమినా కావచ్చు, బోరాన్ కార్బైడ్ కావచ్చు. పద్ధతి మారదు, అంకెలు మారతాయి.

1. ముందు బిల్లెట్ సంగతి తేల్చుకోండి

మొట్టమొదట శాతం దేని ప్రకారమో చూసుకోండి. ఘనపరిమాణంలో 15 శాతం అంటే బరువులో దాదాపు 17.3 శాతం. స్టర్ కాస్టింగ్ చేసేటప్పుడు రేణువులను తూకం వేసి పోస్తారు, థీసిస్‌లో ఘనపరిమాణం రాస్తారు. ఈ రెండూ కలగాపులగమైతే తర్వాత ఏ పోలికా నిలబడదు.

తర్వాత సాంద్రత. అల్యూమినియం 2.70, సిలికాన్ కార్బైడ్ 3.21 అనుకుంటే మన కాంపోజిట్‌కు లెక్క ప్రకారం క్యూబిక్ సెంటీమీటరుకు 2.78 గ్రాములు రావాలి. ఆర్కిమెడీస్ పద్ధతిలో కొలిస్తే 2.70 వచ్చిందనుకోండి, లోపల దాదాపు 3 శాతం ఖాళీలున్నట్టు. అలాంటి బిల్లెట్‌ను నేరుగా టెస్టు చేస్తే మొదట్లో నొక్కుడు శక్తి ఆ ఖాళీలు మూయడానికే పోతుంది. పోత పోసినదైతే ముందు కొంచెం ఎక్స్‌ట్రూడ్ చేసిగానీ, హాట్ ప్రెస్ చేసిగానీ సాంద్రత పెంచుకుని, ఆ బార్ నుంచి శాంపిళ్లు తీయడం మంచిది. ఎక్స్‌ట్రూడ్ చేసిన బార్‌లో రేణువులు వరసలు కట్టి ఉంటాయి. కాబట్టి శాంపిళ్లన్నీ ఒకే దిశలో కోయండి, ఆ దిశను రాసిపెట్టుకోండి.

ఇంకో విషయం, పోతలో జరిగే రసాయన చర్య. కరిగిన అల్యూమినియంలో సిలికాన్ కార్బైడ్ ఎక్కువసేపు ఉంటే అల్యూమినియం కార్బైడ్ ఏర్పడుతుంది. ఇది పెళుసు, పైగా తేమ తగిలితే పాడవుతుంది. ఎ356 లాంటి సిలికాన్ ఎక్కువున్న మిశ్రమలోహాల్లో ఈ చర్య అణిగి ఉంటుంది. 6061లో సిలికాన్ తక్కువ కాబట్టి కరిగిన లోహాన్ని అతిగా వేడెక్కనివ్వకూడదు, రేణువులు కలిపాక ఎక్కువసేపు ఉంచకూడదు. రేణువులను ముందుగా గాలిలో బాగా వేడిచేసి పైన సిలికా పొర తెప్పిస్తే రక్షణ ఉంటుంది. కానీ ఆ పొర మిశ్రమలోహంలోని మెగ్నీషియంతో కలిసి స్పినెల్‌గా (మెగ్నీషియం, అల్యూమినియం ఆక్సైడ్‌గా) మారుతుంది. మెగ్నీషియం అలా ఖర్చైపోతే 6061కి ఉండాల్సిన ఏజ్ హార్డెనింగ్ బలం తగ్గుతుంది. పోత మీరు పోసినా, బయట పోయించుకున్నా ఈ చరిత్ర మీ దగ్గర ఉండాలి. అతుకు ఎంత గట్టిదో చెప్పేది అదే.

బిల్లెట్ పైభాగం, మధ్య, అడుగు నుంచి చిన్న ముక్కలు కోసి మైక్రోస్కోప్‌లో చూడండి. సిలికాన్ కార్బైడ్ బరువెక్కువ కాబట్టి అడుగుకు దిగే వీలుంది. గుంపులు కట్టిన చోట్లు ఎక్కువగా ఉంటే ఆ బిల్లెట్‌ను పక్కన పెట్టడమే నయం. ఒక శాంపిల్‌లో గుంపు ఉండి, పక్క శాంపిల్‌లో లేకపోతే ఎన్ని లెక్కలు వేసినా ఆ చెదురు పోదు.

2. శాంపిల్ కోయడం

10 మిల్లీమీటర్ల వ్యాసం, 15 మిల్లీమీటర్ల ఎత్తు ఉన్న సిలిండర్ ఇక్కడ చాలామంది వాడే సైజు. ఎత్తు వ్యాసానికి ఒకటిన్నర రెట్లు. ఇంతకన్నా పొడుగైతే వంగుతుంది, పొట్టిదైతే రాపిడి పెత్తనం పెరుగుతుంది.

హైస్పీడ్ స్టీల్ టూల్‌తో దీన్ని టర్నింగ్ చేయబోకండి, అంచు వెంటనే అరిగిపోతుంది. కార్బైడ్ టూల్ కూడా త్వరగా మొద్దుబారుతుంది. పాలీక్రిస్టలైన్ డైమండ్ టూల్ ఉంటే ఉత్తమం, లేకపోతే వైర్ కట్ ఈడీఎం (సన్నని తీగ నుంచి విద్యుత్ మెరుపులతో కోసే పద్ధతి). ఈడీఎంతో కోస్తే ఉపరితలం మీద కరిగి గడ్డకట్టిన పలచని పొర మిగులుతుంది. దాన్ని రుద్ది తీసేయాలి. ఆ పొరలోని సన్నని పగుళ్లే టెస్టులో పెద్దవవుతాయి. అప్పుడు తప్పు కోతది, నింద పదార్థానిది అవుతుంది.

రెండు చివరలూ సమాంతరంగా ఉండాలి. లూబ్రికెంట్ నిలవడానికి చివరల మీద లోతు తక్కువ వలయాకారపు గాడులు పెట్టుకోవచ్చు. అంచులను 1 మిల్లీమీటరు మేర 45 డిగ్రీలు చెక్కితే టెస్టు మొదట్లో అంచు మడతపడదు. ఎత్తులో సగం దగ్గర థర్మోకపుల్ కోసం సన్నని రంధ్రం మధ్య వరకూ పెట్టండి, 0.8 మిల్లీమీటర్లు చాలు. గ్లీబుల్ (శాంపిల్‌ను కరెంటుతో వేడిచేసి నొక్కే మెషిన్) మీద చేస్తుంటే థర్మోకపుల్‌ను పైన వెల్డ్ చేయడం మామూలే. కాంపోజిట్ మీద ఆ వెల్డ్ సరిగా నిలవకపోతే రంధ్రం పద్ధతే నమ్మకం.

ఇవే కొలతల్లో రేణువులు లేని 6061 శాంపిళ్లు కూడా కోయించండి. ఇది ఖర్చు అనిపించి చాలామంది వదిలేస్తారు. నా దృష్టిలో ఇది తప్పనిసరి. కాంపోజిట్ కర్వ్ పక్కన పెట్టి చూడటానికి ఉత్త లోహం కర్వ్ లేకపోతే, రేణువులు చేసిన మేలెంత, కీడెంత అని దేన్నిబట్టి చెబుతారు?

3. ఏ ఉష్ణోగ్రతలు, ఏ వేగాలు

300 నుంచి 500 డిగ్రీల సెల్సియస్ దాకా 50 డిగ్రీల చొప్పున ఐదు ఉష్ణోగ్రతలు. స్ట్రెయిన్ రేట్లు (శాంపిల్ రూపు మారే వేగాలు) సెకనుకు 0.001, 0.01, 0.1, 1, 10. మొత్తం 25 టెస్టులు. పైన మరో నాలుగైదు, ఒకే పరిస్థితిలో మళ్లీ చేసి చూడటానికి. ఈ రిపీట్ టెస్టులు ఎంత అవసరమో ఐదో దశలో అంకెలతో చూపిస్తాను.

పై హద్దు లోహాన్నిబట్టి మారుతుంది. 6061లో ద్రవం కనిపించడం సుమారు 582 డిగ్రీల దగ్గర మొదలవుతుంది కాబట్టి 500 క్షేమమే. 2024లో అది 502, 7075లో 477. 7075 కాంపోజిట్‌ను 500 దగ్గర నొక్కి, "పదార్థం పగిలిపోయింది" అని రాస్తే అందులో వింతేమీ లేదు.

కింది స్ట్రెయిన్ రేట్లలో ఓపిక కావాలి. 0.7 ట్రూ స్ట్రెయిన్ దాకా వెళ్లడానికి 0.001 రేటులో 700 సెకన్లు పడుతుంది. 10 రేటులో సెకనులో పద్నాలుగో వంతు. 15 మిల్లీమీటర్ల శాంపిల్ 0.7 స్ట్రెయిన్ దగ్గరికి 7.45 మిల్లీమీటర్లకు దిగుతుంది. రేటు స్థిరంగా ఉండాలంటే ర్యామ్ వేగం ఎత్తుతో పాటు తగ్గుతూ పోవాలి. 10 రేటుకైతే సెకనుకు 150 మిల్లీమీటర్లతో మొదలై 75 దగ్గర ముగియాలి. మీ మెషిన్ నిజంగా అలా తగ్గిస్తుందా, లేక ఒకే వేగంతో నొక్కుకుంటూ పోతుందా? మొదటి టెస్టు కాగానే స్థానం, సమయం డేటా తీసి చూసుకోండి. అంత వేగంలో డేటా పాయింట్లు సరిపడా నమోదయ్యాయా లేదా అన్నదీ అప్పుడే తెలుస్తుంది.

4. మెషిన్ మీద

చివరలకు గ్రాఫైట్ పూయండి, లేదా గ్రాఫైట్ షీట్ ముక్క పెట్టండి. సెకనుకు 5 డిగ్రీల చొప్పున వేడిచేసి, అనుకున్న ఉష్ణోగ్రత వచ్చాక 3 నుంచి 5 నిమిషాలు ఆపండి. ఎన్ని నిమిషాలని నిర్ణయించుకున్నా 25 టెస్టులకూ అదే పాటించాలి. 6061లో మెగ్నీషియం సిలిసైడ్ కొంత కరగడం, కొంత ముద్దకట్టడం ఈ సమయంలోనే జరుగుతుంది. ఒకదాన్ని 3 నిమిషాలు, ఇంకోదాన్ని ఫోన్ మాట్లాడుతూ 15 నిమిషాలు ఉంచితే మీరు రెండు వేర్వేరు పదార్థాలను టెస్టు చేసినట్టే.

గ్లీబుల్‌లో కరెంటు శాంపిల్ గుండానే పోయి వేడి పుడుతుంది. మధ్యలో వేడి, చివరల దగ్గర కొంచెం చల్లదనం ఉండే అవకాశముంది. ఫర్నేస్ ఉన్న సర్వో హైడ్రాలిక్ మెషిన్‌లో వేడి సమంగా ఉంటుంది, కానీ శాంపిల్‌ను బయటికి తీసి నీళ్లలో వేయడానికి సమయం పడుతుంది. ఆ ఆలస్యమే ప్రమాదం. నొక్కడం ఆగాక కూడా వేడి లోహంలో గ్రెయిన్లు (లోహపు చిన్న స్ఫటికాలు) మారుతూనే ఉంటాయి. రెండు మూడు సెకన్లలో నీళ్లలో పడేలా ముందే ఉత్త శాంపిల్‌తో రిహార్సల్ చేసుకోండి. పటకారు ఎవరు పట్టుకోవాలి, బకెట్ ఎక్కడుండాలి అన్నవి కూడా చూసుకోవాల్సిన విషయాలే.

5. కర్వ్‌లను సరిచేయడం

బలం, స్థానం డేటా నుంచి ట్రూ స్ట్రెస్ ఇలా వస్తుంది:

ట్రూ స్ట్రెస్ = (బలం × ఆ క్షణపు ఎత్తు) ÷ (మొదటి వైశాల్యం × మొదటి ఎత్తు)

ఘనపరిమాణం మారదన్న నమ్మకం మీద ఈ సూత్రం నడుస్తుంది. అందుకే ముందు ఖాళీల సంగతి అంతగా చెప్పాను.

రాపిడి వల్ల శాంపిల్ పీపాలా పొట్ట పెంచుతుంది. టెస్టయ్యాక ఎత్తు, పొట్ట దగ్గరి వ్యాసం కొలిచి, (చివరి ఎత్తు × చివరి వ్యాసం వర్గం) ÷ (మొదటి ఎత్తు × మొదటి వ్యాసం వర్గం) లెక్కవేయండి. 1.1 లోపు ఉంటే ఫర్వాలేదు. దాటితే రాపిడికి సవరణ చేయాల్సిందే. సవరణ సైజు ఎంతుంటుందో ఒక అంచనా: రాపిడి గుణకం 0.1 అనుకుంటే కొలిచిన ఒత్తిడి అసలు స్ట్రెస్ కంటే మొదట్లో 2 శాతం ఎక్కువ, 0.7 స్ట్రెయిన్ దగ్గర 6 శాతం ఎక్కువ. అంటే రాపిడి కర్వ్‌ను చివర్లో పైకి లేపుతుంది. రేణువులు పగలడం కిందికి దింపుతుంది. ఈ రెండూ ఒకదాన్నొకటి కప్పేసుకుంటే కర్వ్ చదునుగా, అమాయకంగా కనిపిస్తుంది. రాపిడి గుణకం కోసం అదే లూబ్రికెంట్‌తో రింగ్ టెస్ట్ చేయండి. బయటి వ్యాసం, లోపలి వ్యాసం, ఎత్తు 6:3:2 నిష్పత్తిలో ఉండే రింగ్ సరిపోతుంది.

ఇప్పుడు అసలు చిక్కు, వేడి పెరగడం. వేగంగా నొక్కినప్పుడు ఆ శ్రమ వేడిగా మారి లోపలే ఉండిపోతుంది. సగటు స్ట్రెస్ 118 మెగాపాస్కల్స్, స్ట్రెయిన్ 0.5 అనుకోండి. రెండింటి లబ్ధంలో 95 శాతం వేడిగా మారిందనుకుని, సాంద్రతతోనూ విశిష్టోష్ణంతోనూ భాగిస్తే దాదాపు 19 డిగ్రీల పెరుగుదల వస్తుంది. మీరు 400 అని రాసుకున్న టెస్టు చివర్లో 419 దగ్గర జరుగుతోంది. ఇది స్ట్రెస్‌ను 8, 9 శాతం దాకా తగ్గించగలదు. థర్మోకపుల్ రికార్డు చేసిన ఉష్ణోగ్రత తీసుకుని, ప్రతి స్ట్రెయిన్ దగ్గరా స్ట్రెస్‌ను ఉష్ణోగ్రతకు వ్యతిరేకంగా గీసి, 400 దగ్గర ఎంతుండాలో అక్కడ చదవండి.

ఇంత పట్టుదల ఎందుకంటే, ఒక చిన్న లెక్క చూడండి. 400 డిగ్రీల దగ్గర 0.1, 1, 10 రేట్లకు స్ట్రెస్ 78, 99, 118 మెగాపాస్కల్స్ వచ్చిందనుకుందాం. స్ట్రెయిన్ రేట్ పదిరెట్లు పెరిగినప్పుడు స్ట్రెస్ లాగరిథమ్ (10 ఆధారంగా) ఎంత పెరిగిందో దాన్ని ఎం అంటాం. మొదటి జతకు ఎం 0.104, రెండో జతకు 0.076. వీటిని ప్రసాద్ అస్థిరత సూత్రంలో (ఏడో దశలో వస్తుంది) పెడితే 1 రేటు దగ్గర మైనస్ 0.03 వస్తుంది. మైనస్ అంటే అస్థిరం, అక్కడ పని చేయకూడదు. ఇప్పుడు 118 బదులు 122 పెట్టండి. జవాబు ప్లస్ 0.045. క్షేమం! నాలుగు మెగాపాస్కల్స్ తేడా, అంటే మూడు శాతం కొద్దిగా పైన, ఎర్ర ప్రాంతాన్ని పచ్చగా మార్చేసింది. రిపీట్ టెస్టులు కావాలన్నది ఇందుకే. వేడి సవరణ ఈ తేడాకన్నా పెద్దది. సవరించని డేటాతో గీసిన మ్యాప్ మీద ప్రెస్ సెట్టింగులు పెట్టడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు.

6. క్యూ విలువ (యాక్టివేషన్ ఎనర్జీ) ఎలా తీయాలి, ఎంత నమ్మాలి

స్ట్రెయిన్ రేటునూ ఉష్ణోగ్రతనూ ఒకే సంఖ్యలో కలిపే జెడ్ పరామితిని జెనర్, హాలమన్ 1944లో ఇచ్చారు. స్ట్రెస్‌ను దీనితో ముడిపెట్టే హైపర్‌బాలిక్ సైన్ సూత్రం 1966లో సెల్లర్స్, టెగార్ట్ పెట్టినది. వాడే క్రమం ఇలా ఉంటుంది. ముందు స్ట్రెయిన్ రేట్ లాగరిథమ్‌ను స్ట్రెస్ లాగరిథమ్‌తో గీస్తే వాలు ఎన్1. అదే స్ట్రెయిన్ రేట్ లాగరిథమ్‌ను ఉత్త స్ట్రెస్‌తో గీస్తే వాలు బీటా. బీటాను ఎన్1తో భాగిస్తే ఆల్ఫా. ఆల్ఫా, స్ట్రెస్‌ల లబ్ధానికి హైపర్‌బాలిక్ సైన్ తీసి దాని లాగరిథమ్‌తో మళ్లీ గీస్తే వాలు ఎన్. చివరగా ఆ లాగరిథమ్‌నే 1 ÷ కెల్విన్ ఉష్ణోగ్రతతో గీస్తే వచ్చే వాలును ఎన్‌తోనూ 8.314తోనూ గుణిస్తే క్యూ వస్తుంది, మోలుకు జౌళ్లలో. ఈ క్యూ లెక్కలో అన్ని చోట్లా సహజ లాగరిథమ్ వాడండి, మధ్యలో మార్చొద్దు. ఎక్సెల్ చాలు, ప్రత్యేక సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు.

అల్యూమినియంలో పరమాణువులు తమంతట తాము కదలడానికి కావాల్సిన శక్తి మోలుకు 142 కిలోజౌళ్లు. మీకు 200 దాటి రావచ్చు. వెంటనే "రేణువులు డిస్‌లొకేషన్ల (స్ఫటికంలోని గీతల్లాంటి లోపాల) కదలికను అడ్డుకున్నాయి" అని ఒక వాక్యం రాసి ముగించకండి. రేణువులు భారంలో కొంత మోస్తాయి కాబట్టి కొలిచిన స్ట్రెస్ లోహం అనుభవించే స్ట్రెస్ కాదు. ఉష్ణోగ్రతతో పాటు అవక్షేపాలు కరుగుతుంటాయి కాబట్టి 300 దగ్గరి లోహమూ 500 దగ్గరి లోహమూ ఒకటి కాదు. చలి వైపు రేణువులు పగిలి, వేడి వైపు పగలకపోతే అదీ క్యూలో కలిసిపోతుంది. ఉత్త 6061 శాంపిళ్ల క్యూ పక్కన పెట్టి, తేడా గురించి మాట్లాడండి. గీత సూటిగా లేక మధ్యలో వంగితే మొత్తానికి ఒకే క్యూ ఇవ్వకుండా రెండు ముక్కలుగా చూడండి.

7. ప్రాసెసింగ్ మ్యాప్

ఈ మ్యాప్‌ల వెనకున్న డైనమిక్ మెటీరియల్స్ మోడల్ 1984లో వై.వి.ఆర్.కె. ప్రసాద్, గెగెల్ తదితరుల పరిశోధనా పత్రంతో వచ్చింది. తర్వాత బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ప్రసాద్ బృందం ఎన్నో లోహాలకు మ్యాపులు గీసింది. మన సబ్జెక్టుకు సూటిగా దగ్గరైనది 1992 నాటి పని. 2124 అల్యూమినియంలో 20 శాతం సిలికాన్ కార్బైడ్ ఉన్న పౌడర్ మెటలర్జీ కాంపోజిట్ మీద హైదరాబాద్ డీఎంఆర్ఎల్ (రక్షణ లోహ పరిశోధనా ప్రయోగశాల) శాస్త్రవేత్తలూ ప్రసాద్ కలిసి చేసింది. 300 నుంచి 550 డిగ్రీలు, 0.001 నుంచి 1 రేటు దాకా టెస్టు చేశారు. 500 డిగ్రీలు, 1 రేటు దగ్గర డైనమిక్ రీక్రిస్టలైజేషన్ (నొక్కుతుండగానే కొత్త గ్రెయిన్లు పుట్టడం) కనిపించింది. ఉత్త లోహంలో అదే మార్పు వెయ్యిరెట్లు తక్కువ రేటులో జరిగింది. 450 నుంచి 550 మధ్య, 0.1 కంటే తక్కువ రేట్లలో సూపర్‌ప్లాస్టిక్ ప్రవర్తన, అంటే తెగకుండా ఎంతో సాగడం. 400 కంటే తక్కువలో, 0.1 కంటే ఎక్కువ రేట్లలో అస్థిరత. 550, 1 రేటు దగ్గర పాత పౌడర్ రేణువుల హద్దుల వెంట పగుళ్లు. ఆ 550 అన్నది 2124 కరగడం మొదలయ్యే ఉష్ణోగ్రత కంటే పైనే ఉందని గమనించండి. మీ ఫలితాలను పోల్చుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు నాకు తెలియదు.

గీసే పద్ధతి: ఒక స్ట్రెయిన్ ఎంచుకోండి, 0.5 అనుకుందాం. ప్రతి ఉష్ణోగ్రతకూ స్ట్రెస్ లాగరిథమ్‌ను స్ట్రెయిన్ రేట్ లాగరిథమ్‌తో గీసి క్యూబిక్ స్ప్లైన్ వేయండి. దాని వాలే ఎం. తర్వాత, నొక్కిన శక్తిలో ఎంత భాగం లోపలి నిర్మాణం మారడానికి పోతోందో చెప్పే సమర్థత, ఆపైన అస్థిరత సంఖ్య:

సమర్థత = 2ఎం ÷ (ఎం + 1)

అస్థిరత సంఖ్య = [ఎం ÷ (ఎం + 1)] లాగరిథమ్ స్ట్రెయిన్ రేట్ లాగరిథమ్‌తో మారే వాలు + ఎం

సమర్థతను కాంటూర్లుగా గీసి, అస్థిరత సంఖ్య సున్నాకంటే తక్కువైన చోట్లను వేరే రంగుతో కప్పండి. పై సూత్రం స్ట్రెస్, రేటు మధ్య పవర్ లా ఉందని అనుకుంటుంది. ఆ ఊహ లేకుండా సమర్థతను స్ట్రెస్ కర్వ్ కింది వైశాల్యం నుంచి నేరుగా లెక్కకట్టే పద్ధతిని విక్రమ్ సారాభాయ్ స్పేస్ సెంటర్‌కు చెందిన నారాయణమూర్తి, నాగేశ్వరరావు ఇచ్చారు. వాళ్ల లెక్కలో 2ఎం సమర్థత కంటే తక్కువైతే అస్థిరం. కాంపోజిట్లలో ఎం స్థిరంగా ఉండటం అరుదు కాబట్టి రెండు పద్ధతులతోనూ గీయండి. రెండూ ఒప్పుకున్న చోట ధైర్యంగా ఉండొచ్చు. ఒప్పుకోని చోట మైక్రోస్కోప్ దగ్గరికి వెళ్లాలి. 0.2, 0.4, 0.6 స్ట్రెయిన్లకు కూడా గీసి, అస్థిర ప్రాంతం స్ట్రెయిన్‌తో పాటు పెరుగుతుంటే ముందు అక్కడి శాంపిల్‌నే కోయండి.

సమర్థత ఎక్కువున్న చోటల్లా మంచి చోటు కాదు. సూపర్‌ప్లాస్టిసిటీలోనూ సమర్థత పెరుగుతుంది, గ్రెయిన్ హద్దుల దగ్గర పగుళ్లు పుట్టినా పెరుగుతుంది. పగుళ్లు కూడా శక్తిని మింగుతాయి కదా. మ్యాప్ మీద 50, 60 శాతం చూసి సంబరపడి "ఆప్టిమమ్" అని బాణం గీసిన పేపర్లు చాలా ఉన్నాయి. ఆ బాణం కొసన ఉన్న శాంపిల్ ఫోటో లేకపోతే దాన్ని నమ్మొద్దు.

8. శాంపిల్ కోసి చూడటం

నొక్కిన దిశ వెంబడి సరిగ్గా మధ్యకు కోయండి. ఒకే శాంపిల్‌లో మూడు రకాల చోట్లుంటాయి. ప్లాటెన్లకు (నొక్కే పలకలకు) ఆనుకున్న భాగం దాదాపు కదలదు. మధ్యభాగం మీరు రాసుకున్న స్ట్రెయిన్ కంటే ఎక్కువే అనుభవిస్తుంది. పొట్ట అంచున చుట్టూ లాగుడు ఉంటుంది. ఫోటో ఎక్కడ తీశారో రాయని మైక్రోస్ట్రక్చర్‌తో ఎవరికీ ఉపయోగం లేదు.

పాలిషింగ్‌లో ఒక ఉచ్చు ఉంది. మామూలు ఎమరీ కాగితం మీద ఉండేది కూడా చాలావరకు సిలికాన్ కార్బైడే. దాని పొడి మెత్తటి అల్యూమినియంలో దిగబడితే మీరు కలిపిన రేణువుల్లాగే కనిపిస్తుంది. వీలైనంత త్వరగా డైమండ్‌కు మారి, చివర్లో కొలాయిడల్ సిలికాతో ముగించండి. రెండో ఉచ్చు, పాలిషింగ్‌లో ఊడిపోయిన రేణువు వదిలిన గుంట. అది నిజమైన ఖాళీయా, మీ చేతి పనా? నొక్కని శాంపిల్‌నూ నొక్కినదాన్నీ ఒకే మౌంట్‌లో పెట్టి ఒకేసారి పాలిష్ చేస్తే తేడా స్పష్టంగా తెలుస్తుంది. రెండింటిలోనూ గుంటలుంటే పాలిషింగ్ మార్చుకోండి.

గ్రెయిన్లు చూడటానికి కెల్లర్స్ రీఏజెంట్ వాడతారు. అందులో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఉంటుంది. గ్లోవ్స్, ఫ్యూమ్ హుడ్ ఉండాలి, కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికందే దూరంలో ఉండాలి. అవి లేని ల్యాబ్‌లో ఆ సీసా మూత తీయకండి.

వెతకాల్సినవి ఇవీ. చల్లగా, వేగంగా నొక్కిన శాంపిళ్లలో లోహం గట్టిగా ఉండి భారమంతా రేణువుల మీదికి నెడుతుంది. పెద్ద రేణువులు నొక్కిన దిశకు సమాంతరంగా చీలుతాయి. వేడిగా, నెమ్మదిగా నొక్కినవాటిలో రేణువులు చీలడం తక్కువ. అక్కడ గుంపుల మధ్యా, రేణువుల పక్కలా ఖాళీలు తెరుచుకుంటాయి. ఈ రెండూ లేకుండా, రేణువు చుట్టూ సన్నని కొత్త గ్రెయిన్లు కనిపిస్తే అది నిజమైన మెత్తదనం. ఒక మైక్రాన్ కంటే పెద్ద రేణువుల చుట్టూ లోహం బాగా నలిగి అక్కడ కొత్త గ్రెయిన్లు పుట్టడం తెలిసిన విషయమే. కానీ బాగా వేడిలో, నెమ్మదిగా నొక్కితే డిస్‌లొకేషన్లు రేణువును చుట్టి దాటిపోతాయి కాబట్టి ఆ నలుగుడు మండలమే ఏర్పడదు. అంటే ఎంత వేడైతే అంత రీక్రిస్టలైజేషన్ అన్న సూత్రం ఇక్కడ పనిచేయదు. పై 1992 ఫలితంలో అది వేగం వైపు జరగడాన్ని దీని పక్కన పెట్టి ఆలోచించండి.

అనుమానం తీరకపోతే ఆగి చూసే టెస్ట్ చేయండి. ఒకే పరిస్థితిలో రెండు శాంపిళ్లు: ఒకటి స్ట్రెస్ శిఖరం దగ్గర ఆపి నీళ్లలో వేయండి, రెండోది 0.5 దాకా తీసుకెళ్లండి. రెండింటిలోనూ పగిలిన రేణువుల శాతం లెక్కపెట్టండి, సాంద్రత కొలవండి. వీలుంటే అల్ట్రాసానిక్‌తో యంగ్స్ మాడ్యులస్ కూడా. రేణువులు పగిలితే, అతుకు ఊడితే మాడ్యులస్ తగ్గుతుంది. రెండు శాంపిళ్లలోనూ ఇవన్నీ దాదాపు ఒకటే ఉండి, గ్రెయిన్లు మాత్రమే మారితే కర్వ్ దిగింది మెత్తబడటం వల్లేనని ధైర్యంగా రాయొచ్చు.

9. ప్రెస్ దగ్గరికి

మ్యాప్ మీద నచ్చిన చోటును మెషిన్ భాషలోకి మార్చాలి. ఎక్స్‌ట్రూజన్‌లో సగటు స్ట్రెయిన్ రేటుకు మామూలుగా వాడే అంచనా:

రేటు = 6 × ర్యామ్ వేగం × బిల్లెట్ వ్యాసం వర్గం × నిష్పత్తి సహజ లాగరిథమ్ ÷ (బిల్లెట్ వ్యాసం ఘనం − బార్ వ్యాసం ఘనం)

50 మిల్లీమీటర్ల బిల్లెట్ నుంచి 12.5 మిల్లీమీటర్ల బార్ తీస్తే నిష్పత్తి 16. ర్యామ్ సెకనుకు 2 మిల్లీమీటర్లు కదిలితే రేటు దాదాపు 0.68. డై నోటి దగ్గర ఇంతకన్నా బాగా ఎక్కువుంటుంది, కాబట్టి మ్యాప్‌లో అస్థిర ప్రాంతానికి ఆనుకున్న చోటును ఎంచుకోకండి.

ఎక్స్‌ట్రూజన్‌లో చుట్టూ ఒత్తిడి ఉంటుంది కాబట్టి ఖాళీలు తెరుచుకోవడం కష్టం. ఫోర్జింగ్‌లో స్వేచ్ఛగా ఉబ్బే అంచు, రోలింగ్‌లో షీట్ పక్క అంచు లాగుడులో ఉంటాయి. కంప్రెషన్ మ్యాప్‌లో క్షేమంగా కనిపించిన చోటే అక్కడ పగుళ్లు రావచ్చు. అందుకే నొక్కిన శాంపిళ్ల పొట్ట అంచు ఫోటోలు దాచుకోండి. ఫోర్జింగ్ చేసేవాళ్లకు మ్యాప్ కంటే అవే ఎక్కువ చెబుతాయి.

డైకి నైట్రైడ్ చేసిన హెచ్13 స్టీల్ వాడండి, అరుగుదలకు సిద్ధంగా ఉండండి. బిల్లెట్‌తో పాటు డైని, కంటైనర్‌నూ వేడిచేయాలి. చల్లటి డై తగిలితే ఉపరితలం మీ మ్యాప్‌లోని 300 డిగ్రీల మూలకు వెళ్లిపోతుంది, అక్కడే రేణువులు పగులుతాయి. మొదటి బార్ బయటికొచ్చాక ముందు కొస, మధ్య, తోక మూడు చోట్లా ముక్కలు కోసి పగిలిన రేణువుల శాతం లెక్కపెట్టండి. తోక వైపు ఉపరితలం అడ్డంగా చిరిగి ఉంటే బయటికొచ్చేటప్పటి వేడి ఎక్కువైందన్నమాట. రెండో బిల్లెట్‌కు ముందు ర్యామ్ వేగం తగ్గించి చూడండి, బిల్లెట్ ఉష్ణోగ్రత జోలికి ఆ తర్వాతే వెళ్లండి.